బొగ్నా ఏరిన పాటలు

సాండోమియెష్ ఊళ్ళో బజారు మెట్ల పక్కన విత్తనాల కొట్టు నడిపే బొగ్నాకు మనుషుల్ని చూసి పాట ఏరడం వచ్చు. ఆదివారాలు కొట్టు వెనక గదిలో నలుగురు కూడి నాలుగైదు వందల ఏళ్ళనాటి రినైసాన్స్ సంగీతం వాయించేవారు. బొగ్నా, పళ్ళ డాక్టరు తెక్లా, ఆమె మొగుడు కాస్పెర్ చెక్క పిల్లనగ్రోవులు ఊదితే, కుర్చీలు బాగుచేసే ఇరెక్ ల్యూట్ తీగలు మీటేవాడు. ఏం వాయించాలో తేల్చేది మాత్రం బొగ్నాయే. తెక్లాకు ఆయాసం. ఆమె ఊదే వరసలో ఊపిరి పీల్చుకునే జాగా ఉండాలి. కాస్పెర్‌కు తాళం తప్పుతుంది. అతనికి తోడుగా ఇంకొకరు అదే నడక నడవాలి. ఇవేవీ ఆమె పైకి చెప్పేది కాదు. "ఈసారి పాటలు భలే కుదిరాయి" అని వాళ్ళు మురిసిపోతుంటే వింటూ కూర్చునేది.

పెళ్ళి చేసుకోలేదు. "ఎవర్నో ఒకర్ని ఏరుకోవే" అని తల్లి పోరితే, "పాటైతే నచ్చకపోతే పక్కన పెట్టొచ్చమ్మా" అనేది.

ఆ వసంతంలో ఇరెక్ ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోసాగాయి. అతను ఎవరితోనూ అనలేదు. బొగ్నా కనిపెట్టింది. వేసవిలో చర్చి ఆవరణలో జరిగే కచేరీకి అన్నీ నింపాదిగా నడిచే పవాన్ నాట్యపు పాటలే ఏరింది. వాటిలో ల్యూట్‌కు పని తక్కువ.

కొన్నాళ్ళు ఇరెక్ వాటినే సాధన చేశాడు. ఒక పొద్దున కొట్టు తెరవగానే ల్యూట్‌తో వచ్చి కాగితాలు బల్ల మీద పడేశాడు.

"ఇవేం పాటలు? శవం వెనక నడిచేవాళ్ళు కూడా ఇంతకన్నా గబగబా నడుస్తారు."

"బాగుంటాయనీ..."

"అబద్ధాలాడకు. తెక్లా ఆయాసం చూసి ఏరతావని నాకు తెలీదా? ఇప్పుడు నా వేళ్ళు చూశావు."

బొగ్నా ముల్లంగి విత్తనాల పొట్లం చేతిలో తిప్పుతూ నిలబడింది. "చూశాను" అంది. "నొచ్చుకుంటావని చెప్పలేదు."

"చెప్పుంటే ఒక్కపూట నొచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు వారాల తరబడి నొచ్చుకుంటున్నా. నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ప్రేమగా చేశాననుకున్న పనిలో ఎదుటిమనిషిని అడగడమన్నదే లేదు. కొట్టు తలుపు మూసి స్టూలు లాగింది.

"కూర్చో. ఎక్కడ నొప్పెడుతుందో వాయించి చూపించు."

మధ్యాహ్నం దాకా చూపించాడు. తీగల మీద కొన్ని పట్లు ఇక కుదరవు, కొన్ని నిక్షేపంలా పలుకుతున్నాయి. వాటిని బట్టి ఇద్దరూ పాటలు మార్చారు. అయినా గంతులేసే గల్యార్డ్ నాట్యపు పాట ఒక్కటైనా ఉండాలని ఇరెక్ పట్టుబట్టాడు.

"అందులో నీ వేళ్ళ పరుగు కష్టం, ఇరెక్."

"తప్పితే తప్పుతాను. తప్పే హక్కు కాస్పెర్ ఒక్కడిదేనా?"

కచేరీలో సరిగ్గా ఆ పరుగు దగ్గరే వేళ్ళు మొరాయించాయి. ల్యూట్ ఆగింది. బొగ్నా ఆగలేదు. అతని వరసను తన పిల్లనగ్రోవి మీదికి ఎత్తుకుని, అతని వైపే చూస్తూ ఊదింది. ఇరెక్ చెయ్యి విదిలించి మళ్ళీ అందుకున్నాడు. ముగింపు నలుగురిదీ ఒక్కసారే పడింది.

తర్వాత గసగసాల కేకు తింటూ మెల్లిగా అడిగాడు. "ఎవరైనా పట్టేశారా?"

"ఫాదర్ గారు. నువ్వు ఆగినచోటే ఆయనకు బాగా నచ్చిందట."

ఇరెక్‌కు నవ్వుతో పొలమారింది.

ఆ చలికాలం నుంచి పాటలు ఏరడం నలుగురి పనైంది. తెక్లాకు నచ్చింది ఇరెక్‌కు నచ్చదు. కాస్పెర్ ఎప్పుడూ తనకు రానివే అడుగుతాడు. ఒక్క సాయంత్రంలో తేలే పని నెలకూ తెమలడం లేదని బొగ్నా విసుక్కుంటుంది. కానీ ఏ ఆదివారమైనా ఒకరు రాకపోతే, ఆ రోజు ఒక్క పాట కూడా తేల్చదు.