చెవిటి మేస్త్రీ సందు

“...నేనెందుకు చెప్పాలక్కా, ఆ గదిలోకి వచ్చేది నీ తమ్ముడు కదా?”

“ఇంట్లో అందరితో తీయగా మాట్లాడేది నువ్వేగా. నువ్వు చెబితేనే బాగుంటుంది.”

“ఆయనకి తీయగా చెప్పాలంటే వీధంతా వినపడేలా అరవాలి. చేత్తో చూపిస్తే పోలా? గది, తలుపు, టాటా.”

తోడికోడళ్ళిద్దరూ నవ్వారు. వసారాలో చాప వేసుకుని బఠాణీలు వొలుస్తున్నారు. చాపకు బారెడు దూరంలో స్టూలు మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. పెరట్లో ఆయన అద్దెకుంటున్న గది గురించే ఆ మాటలు.

ఆయనకు చెవుడు లేదు.

ఈ ప్రాంతమంతా బురదనేలగా ఉన్నప్పుడు, స్థలాలు కొన్నవాళ్ళు వచ్చి చూసి తిట్టుకుంటూ పోయే రోజుల్లో, ఆయన ఇక్కడికి పనికి వచ్చాడు. కాంక్రీటు కలిపే మిషను రొద భరించలేక చెవుల్లో దూది పెట్టుకునేవాడు. ఒకనాడు కంట్రాక్టరు పిలిస్తే పలకలేదు. “ఈ చెవిటి మేస్త్రీని ఎక్కడ పట్టారయ్యా” అన్నాడు కంట్రాక్టరు. కూలీలు నవ్వారు, దూది తీసి ఆయనా నవ్వాడు. తర్వాత కాపురాలకు వచ్చినవాళ్ళకు కూలీలు ఆ పేరే చెప్పారు. ఆయన కట్టిన ఇళ్ళ వరస చెవిటి మేస్త్రీ సందు అయింది. ఆ మధ్య ఎవరో పెద్దమనిషి పేరుతో బోర్డు పాతారు. దాని మీద ట్యూషన్ల కాగితాలు అంటించి ఉంటాయి. ఆటోవాళ్ళకు మాత్రం పాత పేరు చెబితేనే దారి తెలుస్తుంది.

మొదట్లో ఒకరిద్దరికి చెప్పి చూశాడు. “నాకు బాగానే వినపడుతుందండీ” అంటే, “అవునవును” అని ఇంకా గట్టిగా అరిచారు. ఇక ఊరుకున్నాడు. భార్య ఉన్నన్నాళ్ళూ అదొక లోటుగా తోచలేదు. ఆమె నెమ్మదిగా మాట్లాడే మనిషి. వంట చేస్తూ వీధిలో వాళ్ళందరి గొంతులూ అనుకరించి వినిపించేది. ఆమె పోయాక ఆయనతో ఎవరు మాట్లాడినా రెండే మాటలు: తిన్నావా, బాగున్నావా. అవీ కేకలే. కేకకు తలూపడం తప్ప ఇంకేం చెయ్యగలడు.

ఈ వసారాలో మాత్రం ఆయన చుట్టూ మాటలుండేవి. ఆయన ఎదుట తోడికోడళ్ళు ఏదీ దాచుకోరు. పెద్దావిడకు మొగుడి మీద ఉన్న కోపం, చిన్నావిడకు పుట్టింటి మీద ఉన్న బెంగ, ఒకరు లోపలికి వెళ్ళగానే రెండోవారు గొణుక్కునేవి, అన్నీ ఆయన చెవిన పడ్డాయి. ఒక మధ్యాహ్నం చిన్నావిడ ఒక్కతే కూర్చుని, ఎవరికీ చెప్పుకోలేనిది ఆయన మొహం చూస్తూ చెప్పుకుని ఏడ్చింది. ఆయన గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు నోరు తెరిస్తే అవన్నీ విన్నట్టు తెలిసిపోతుంది. ఇక ఆయన దగ్గర ఎవరూ చాప పరవరు. తెరవకపోతే గది పోతుంది.

“పాపం, ఈ వయసులో ఎక్కడికి పోతాడంటావ్?” అంది చిన్నావిడ.

“ఎక్కడికేంటి, సందంతా ఆయనదేగా,” అంది పెద్దావిడ. లేచి చీర మీది తొక్కలు దులుపుకుంది. ఆయన ముందుకొచ్చి వంగి, “మేస్త్రీ” అని అరిచింది. ఒక చేత్తో పెరటి గదిని చూపించి, రెండో చెయ్యి వీధి వైపు ఊపింది.

చిన్నావిడ తలెత్తలేదు. వొలుస్తున్న కాయ చేతిలో అలాగే ఉంది.

“అరవకమ్మా, వినపడుతోంది,” అన్నాడు మేస్త్రీ మామూలు గొంతుతో. “మీ తమ్ముణ్ణి ఇంకోచోట చూసుకోమను. నేను గది ఖాళీ చెయ్యను.”