కామెర్ల దండ కొలిచిన రోజులు

మా తమ్ముడి కళ్ళు పచ్చబడ్డాయని మొదట గమనించింది వాడే. పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుని నా దగ్గరికొచ్చి, "అక్కా, కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయేమో చూడు" అన్నాడు. చూశాను. జ్వరం ఉందా, అన్నం సయిస్తోందా అని అడగాల్సింది పోయి అరగంట తిట్టాను. గచ్చిబౌలిలో వాళ్ళ ఆఫీసు ముందు బండి మీద పానీపూరీ తినొద్దని ఎన్నిసార్లు చెప్పాను, చెప్పిన మాట ఎప్పుడు విన్నావు, ఇప్పుడు నీకు పథ్యం ఎవరు వండుతారు? ఇదీ వరస. వాడు నోట్లో బ్రష్షు పెట్టుకునే అంతా విన్నాడు.

ఆ సాయంత్రం నల్లగండ్లలో మా ఫ్లాటుకి నెత్తిమీద దండతో వచ్చాడు. గలిజేరు కాడల్ని వేలి కణుపంత ముక్కలు కోసి దారంతో ముడులు వేసిన దండ. బోరబండలో ఒక పెద్దావిడ మంత్రం చదివి వేస్తుందట. వాళ్ళ టీమ్ లీడ్‌కి అక్కడే నయమైందట. దండ రోజురోజుకీ పొడుగవుతూ నెత్తి మీంచి మెడలోకి, మెడలోంచి బొడ్డు దాకా దిగుతుందట. అది దిగినకొద్దీ ఒంట్లో కామెర్లు దిగుతున్నట్టట.

"ముందు రక్తపరీక్ష చేయించుకోరా" అన్నాను.

"దండ దిగేదాకా సూది తగలకూడదందక్కా ఆవిడ. తగిలితే మంత్రం పోతుందట. అయినా డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? నూనె మానెయ్, పడుకో అంటాడు. ఈవిడా అదే చెప్పింది."

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పన్నెండేళ్ళుగా ఎవరైనా "పని చేస్తోంది" అంటే "ఏదీ, చూపించు" అనడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని మర్నాడు పొద్దున్నే టేపు తెచ్చి ఆ దండని కొలిచాను. రోజూ కొలిచాను. ఫోన్లో పట్టిక చేసి తేదీ పక్కన పొడవు రాశాను. మూడోరోజుకి దండ మెడలోకి జారింది. అంకె పెరిగినప్పుడల్లా నాకు సంతోషం. ఈ మొత్తం కథలో ఇప్పటికీ నా ఒళ్ళు మండేది ఆ సంతోషం తలుచుకుంటేనే. వాడి కళ్ళు నా ఎదురుగానే ఉన్నాయి. వాటిని చూడకుండా టేపు చూసుకుంటూ కూర్చున్నాను.

తొమ్మిదో రోజు, శనివారం, దండ బొడ్డు దాటింది. వాడి కళ్ళు మాత్రం మొదటిరోజు కంటే పచ్చగా ఉన్నాయి. గంజి రెండు గుక్కలు తాగి మళ్ళీ పడుకున్నాడు. చిర్రెత్తుకొచ్చింది. ఆ మంత్రగత్తె సంగతేదో తేల్చుకుంటానని లింగంపల్లిలో లోకల్ రైలెక్కి బోరబండలో దిగాను. దారిపొడవునా ఏమేం అనాలో కూడబలుక్కున్నాను.

ఒకటే గది ఇల్లు. గడపలో కూర్చుని ఆవిడ కాడలు కోస్తోంది. వెనక గోడకి వరసగా మేకులు, మేకులకి దండలు. ఈ చివర పచ్చివి, జానెడు వేలాడుతున్నాయి. ఆ చివర ఎండినవి, దాదాపు నేలని తాకుతున్నాయి. నా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. ఆ మేకులకేం కామెర్లు లేవు కదా.

"ఇవి వాటంతటవే సాగుతాయా?" అని అడిగాను.

"ఎండితే కాడ సన్నగైతది, ముడి వదులైతది, సాగుతది. అది దాని గుణం" అంది, దాచాల్సిందేమీ లేనట్టు.

"మరెందుకు వేస్తావు మనుషులకి?"

"ఏందమ్మా గిట్ల అడుగుతవ్? దండ మెడల ఉంటే మనిషి నూనె ముట్టడు, కల్లు తాగడు, పనికి పోకుండ పండుకుంటడు. ఉత్తగ నోటితోని చెప్తే ఎవడింటడు?"

తమ్ముడి గురించి చెప్పి, సూది తగలకూడదని నువ్వే అన్నావట అని అరిచాను. కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"నేనెందుకంట? ఆ కండ్లద్దాల పిలగాడేనా? ముందుగాల దవాఖానకు పోయి రక్తం చూపిచ్చుకొని రా, అప్పుడేస్త అన్న. లోపల ఏమున్నదో నాకేమెరుక? చూపిచ్చుకున్ననని, అన్నీ మంచిగనే ఉన్నయని ఆ పిలగాడే చెప్పిండు. నువ్వు ఇగ నాతోని కొట్లాట పెట్టుకోకు. జల్ది పో. పిలగాన్ని లేపు."

ఆటోలో తిరిగి వస్తూ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిడకో అబద్ధం, నాకో అబద్ధం. ఇంటికెళ్ళి లేపితే వాడు నన్ను చూసి, "అమ్మా, స్కూలుకి టైమైందా?" అన్నాడు. మా అమ్మ పోయి ఆరేళ్ళు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రిపోర్టు చూసి, లివరు బాగా దెబ్బతింది, ఇన్నాళ్ళు ఏం చేశారని నన్నే అడిగాడు. రోజూ కొలిచామని చెప్పలేకపోయాను. ఐదు రోజులు ఐసీయూ బయట కుర్చీలో ఉన్నాను. వాడు బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ ఐదు రోజులూ వాడి మీద కోపంతోనే నిలబడ్డాను. లేచాక అడగాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను.

ఆరోరోజు వార్డులోకి మార్చారు. మనిషి సగమయ్యాడు కానీ మాట తిన్నగా వచ్చింది. ఆగలేకపోయాను.

"ఇద్దరికీ రెండు అబద్ధాలు ఎందుకు చెప్పావురా? చచ్చిపోయేవాడివి, తెలుసా?"

దుప్పటి అంచు గడ్డం దాకా లాక్కున్నాడు.

"రిపోర్టులో ఏదైనా వస్తే నీకు చెప్పాలి కదక్కా. కళ్ళు పచ్చబడ్డాయంటేనే అంత తిట్టావు. దండయితే ఏమీ అనదు."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని ఏడుపుగా బయటికి రానివ్వడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. "అంటే తప్పు నాదంటావా?" అని వార్డంతా వినపడేలా అరిచాను. వాడు అద్దాలు తీసి పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు.