ముందే చదివేసిన తలుపు

మూసాపేటలో నాది ఆటవస్తువుల దుకాణం. మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీలు మొదలైన కొత్తలో, కోస్తా నుంచి వచ్చిన ఐదుగురు ఉద్యోగులు ఇరవై ముఖాల పాచిక ఉందా అని అడిగారు. లేదన్నాను. తర్వాతి ఆదివారం వాళ్లే ఎక్కడో పాచికలు, రెండు ఇంగ్లీషు పుస్తకాలు సంపాదించి, నా బల్ల మీద ఆడుకోనివ్వమన్నారు. ఒకడు పుస్తకం చూసి కథ చెబుతాడు. మిగతావాళ్లు దొంగగానో వైద్యుడిగానో మారి ఏం చేస్తారో చెబుతారు. ఫలితం పాచిక తేలుస్తుంది.

నెల తిరిగేసరికి పదిమంది అయ్యారు. బల్ల మీది క్యారమ్ బోర్డు తీసి గోడకు ఆనించాను. రోజూ ఆడే ఆటో డ్రైవరుకు మండింది.

"ఏందన్నా, బోర్డు తీసి భజన పెట్టినవా? గీళ్లు రేపు రాకుంటే ఒక్కనివే పాడుకుంటవా?"

ఆ మాటతో నాకు కుదురు పోయింది. వీళ్లను ఇక్కడికి లాగుతున్నదేమిటి? వారమంతా ఒకరు చెప్పిన పని చేసేవాళ్లు, ఆదివారం తమకు తోచింది చేయడానికి వస్తున్నారేమో అనిపించింది. అయినా ఊహతో ఊరుకునే మనిషిని కాను. పదో తరగతి తప్పాక శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. వాళ్లు నా దగ్గర వదిలివెళ్లే పుస్తకాలకు అట్టలు వేసి, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండూ చదివేశాను.

ఆ ఆదివారం ఒకరు రాకపోతే నన్ను కూర్చోమన్నారు. కథ పాడుబడ్డ కోటలో ఒక తలుపు దగ్గరికి వచ్చింది. పాచిక వేయబోతున్నవాడి చెయ్యి పట్టుకున్నాను.

"తెరవకు బాబూ! వెనక పాముల గొయ్యి. రాజు తమ్ముడే దొంగ. ముప్పై ఒకటో పేజీ."

కథ చెప్పేవాడు పుస్తకం మూసేశాడు.

"ఇది నేనొక్కణ్ణే చదవాలండీ. మూడు నెలలు ఆడదామనుకున్నాం."

పాచికలు సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

"ఇగ బోర్డు మల్ల పెడదామా?" అని డ్రైవరు రోజూ అడిగాడు. ఆగమన్నాను. ఆదివారం భోజనమైన దగ్గర నుంచి గుమ్మంలోనే ఉన్నాను. స్కూటరు ఆగిన ప్రతిసారీ లేచాను.

నాలుగున్నరకు నలుగురు వచ్చారు. కథ చెప్పేవాడి చేతిలో రూళ్ల నోటు పుస్తకం.

"వారమంతా కూర్చుని కొత్త కథ రాశానండీ. ఇది మాత్రం మీ దగ్గర వదిలివెళ్లను. రండి అంకుల్, ఇందులోనూ ఒక తలుపుంది."

అందరూ నవ్వారు. ఆట ఆ తలుపు దాకా వచ్చాక పాచిక నా చేతికిచ్చారు. డ్రైవరు భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఎనక ఏమున్నదన్నా?"

"తెల్వదు," అన్నాను. ఆ మాట పైకి అని ఎన్నేళ్లయిందో.