మాస్టారు వాపసు తెచ్చిన మెషిన్లు

మా పచ్చబొట్ల మాస్టారికి ఒకటే జబ్బు. కొన్న మెషిన్ని వాపసు తేవడం. పచ్చబొట్టు సామాన్ల షాపు నాది. ఆయన దుకాణం రెండు వీధుల అవతల. సోమవారం పట్టుకెళ్ళిన మెషిన్ గురువారానికల్లా అలిగొచ్చిన అల్లుడిలా నా కౌంటరు మీద కూర్చునేది.

"గీత ఎలా పడుతోంది మాస్టారూ?"

"గీతకేం, దారంలా పడుతోంది."

"మరి?"

"సణుగుతోంది అన్నగారూ."

ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా నేనే ఆయనకి అన్నగారిని. ఆ లెక్కేమిటో నేనెప్పుడూ అడగలేదు.

పాతకాలం మెషిన్లు కందిరీగల్లా రొద పెట్టేవి. ఇప్పటి రోటరీ మెషిన్లో చిన్న మోటారు తిరుగుతూ సూదిని కిందికీ పైకీ ఆడిస్తుంది, చప్పుడు తక్కువ. దాని అసలు సత్తా బొమ్మకి అంచు గీత గీసేటప్పుడు తెలుస్తుంది. చెయ్యి తొందరపడితే గీత చుక్కలుగా తెగిపోతుంది, బద్ధకిస్తే చర్మం చితుకుతుంది. గట్టి మోటారైతే ఒక్క లాగుకే గీత నల్లగా నిలుస్తుంది. మెత్తని మోటారైతే నత్తలా పాకాలి. లోకమంతా గట్టి మోటారు కావాలంటే, మాస్టారొక్కరే మెత్తనిది కావాలనేవారు.

మెషిన్ వాపసు పుచ్చుకోవాలంటే పరీక్ష చెయ్యాలి కదా. ఆయన చర్మానికి బదులు నారింజ తొక్క మీద గీతలు గీసేవారు. నేను ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. చప్పుడు మీ మాటని మింగుతోందో లేదో చూడాలిగా."

మొదట్లో క్యాటలాగు చదివి వినిపించేవాణ్ణి. మూడో వారానికి క్యాటలాగు అయిపోయింది. ఇంక చేసేదిలేక మా అక్క సంగతులు ఎత్తుకున్నాను. షాపు మేమిద్దరం కలిసి నడిపేవాళ్ళం. పైన ఉన్న రెండు గదుల్లోనే కాపురం. రేడియోలో వార్తలు చదివేవాడికి కూడా ఎదురు సమాధానం చెప్పే మనిషి ఆవిడ. ఆవిడ పోయాక ఆ గదుల్లో నేను కుర్చీ జరిపితే ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడేవాణ్ణి. కొన్ని రోజులు పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా "సూదులున్నాయా", "ఉన్నాయి" తప్ప నా నోట మరో మాట వచ్చేది కాదు.

సాయంత్రానికి నారింజకాయలు అయిపోయేవి. మాస్టారు తీర్పు చెప్పేవారు. ఒక మెషిన్ గురక పెట్టేది. ఇంకోటి పళ్ళు కొరికేది. ఒకటైతే దగ్గేది. ఆ మాటే నేను కంపెనీకి రాశాను. వాళ్ళు జవాబిచ్చారు: "దగ్గు పొడిదో తడిదో తెలుపగలరు." వాళ్ళది వేళాకోళమో వివరమో నాకు ఇప్పటికీ తెలీదు.

పదకొండో మెషిన్‌కి వేళాకోళం అయిపోయింది. ఇంకొక్కటి తిరిగొస్తే మీకు సరుకు పంపం అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ దగ్గరున్న అన్నిటికన్నా గట్టి మెషిన్ సంచిలో వేసుకుని, షాపు మూసి, మాస్టారి దుకాణానికి నడిచాను.

లోపల కుర్చీలో ఒకావిడ చెయ్యి చాపి కూర్చుంది. ఓడరేవులో క్రేన్ నడుపుతుందట. మణికట్టు చుట్టూ ఒకే ఒక్క గీత కావాలంది. నా సంచిలో ఉన్నదానితో పది నిమిషాల పని. మాస్టారు మెత్తని మెషిన్‌తో మిల్లీమీటరు మిల్లీమీటరుగా పాకుతున్నారు.

"పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగడం," అంటోందావిడ. "పైన నేనూ, కొక్కెమూ అంతే. దానితోనే మాట్లాడతాను. ఒక్కోసారి తిడతాను కూడా."

"ఏమని తిడతారు?" అన్నారు మాస్టారు తలెత్తకుండా.

ఆవిడ చెప్పింది. మాస్టారు నవ్వారు. "తర్వాత?" అన్నారు. గీత చుట్టూ తిరిగొచ్చి కలిసేసరికి మూడు గంటలు పట్టింది. ఆవిడ లేచి, తేలికపడ్డ మొహంతో వెళ్ళిపోయింది.

నేను మెషిన్ బల్ల మీద పెట్టాను. "దీంతో అయితే ఒక్క లాగుకే అయ్యేది."

"అయ్యేది. పది నిమిషాలకి ఆవిడ ఇంటికి పోయేది. పోయి ఎవరితో మాట్లాడుతుంది?" సూది విప్పుతూ అన్నారు. "గీత పడుతున్నప్పుడు మనిషి కదలకూడదు అన్నగారూ. కదలకుండా కూర్చున్నవాళ్ళకి మిగిలేది నోరొక్కటే. అది మనకి వినపడాలిగా."

అప్పుడు నా బుర్రలో ఏదో కదిలింది. ఆయన నా దగ్గర ఎనిమిదేళ్ళుగా మెషిన్లు కొంటున్నారు. మా అక్క ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ వాపసు తేలేదు. మొదటిది తెచ్చింది మా అక్క పోయిన పదోరోజు దాటాక.

"మాస్టారూ, ఆ పదకొండూ..."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఒకట్రెండు నిజంగానే సణిగాయి," అన్నారు.

ఖాళీ సంచి మడుస్తూ అన్నాను: "ఇది మాత్రం వాపసు పుచ్చుకోను. కంపెనీవాళ్ళు ఊరుకోరు."

"ఉంచేస్తాను. తొందరున్నవాళ్ళకి పనికొస్తుంది. మరి గురువారం?"

"గురువారం నేనే వస్తాను."

వెళ్ళాను. కుర్చీలో కూర్చున్నాను. ఏం బొమ్మ కావాలని అడిగితే ఏమీ తోచక, మా అక్క కళ్ళజోడు వెయ్యమన్నాను. రెండు సున్నాలు, మధ్య చిన్న వంతెన. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన "తర్వాత?" అంటూనే ఉన్నారు. దీపాలు వెలిగించే వేళకి చూసుకుంటే ఒక్క సున్నాయే పూర్తయింది.

"రెండోది?"

"వచ్చే గురువారం."

"అప్పటిదాకా మా అక్క ఒంటికన్నుతో ఉండాలా?"

మాస్టారు నా చెయ్యి మెల్లగా తుడిచి, తల పక్కకి వంచి చూశారు.

"మిమ్మల్ని ఓ కంట కనిపెట్టడానికి అది చాల్లెండి."