చెవిలో దూది

దయ్యాల మాట ఎవరెత్తినా ఏడిపించే రకాన్ని నేను. గుంటూరులో పిల్లలకు సైన్సు చెబుతాను. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. మా అమ్మాయి పుట్టినప్పుడు పుట్టింట్లో జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మా ఊరు సత్తెనపల్లి దగ్గర. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన రోజే అమ్మ రాజ్యం మొదలైంది. గాలి సోకకూడదని నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ బిగించింది. దూది మా చేలోదే. మంచం దిగనిచ్చేది కాదు.

అన్నిటికన్నా నరకం నీళ్లు. బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుందని గొంతు తడిసేంత మాత్రమే పోసేది. దాహమేస్తోందమ్మా అని మొత్తుకుంటే, "మేమంతా కనలేదేంటే? ఓర్చుకో" అనేది. బడిలో అంతమందిని అదిలించే నేను అమ్మ ముందు పిల్లినే.

అవి మిరపకోతల రోజులు. నాన్న కల్లంలో కాయలు ఆరబోయిస్తున్నాడు. ఇంట్లో అమ్మ, నేను, పసిపిల్ల. మధ్యాహ్నం పాలిస్తుంటే ఎవరో ఆడమనిషి "కాసిని నీళ్లివ్వమ్మా" అనడం వినిపించింది. కోతకొచ్చిన కూలీ ఎవరో గుమ్మంలో నిలబడిందనుకుని అమ్మని కేకేశాను. వాకిట్లో ఎవరూ లేరంది.

మళ్లీ వినిపించింది. సరిగ్గా విందామని చెవుల్లో దూది తీశాను. గొంతు ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు, పక్కింటి గేదె అరుపు, అంతే. దూది పెట్టుకోగానే మళ్లీ అదే గొంతు, ఇంకా నీరసంగా. "నీళ్లివ్వమ్మా. కాలు లాగేస్తోంది."

అప్పుడు వేసింది భయం. ముందు రోజు నుంచి నా ఎడమ పిక్క లాగుతోంది. బాలింతకు మామూలేలే అంటారని ఎవరికీ చెప్పలేదు.

అమ్మకి చెబితే కొట్టిపారేసింది. "పచ్చి బాలింతవి, నిద్ర చాలక అట్టా అనిపిస్తదిలే." నేను మొండికేసి, నా దూది తీసి ఆవిడ చేతిలో పెట్టాను. నన్ను ఊరుకోబెట్టడానికి నవ్వుతూనే తన చెవుల్లో పెట్టుకుంది.

నవ్వు ఆగిపోయింది. నా నోటివంకే చూస్తూ నిలబడిపోయింది. నేను పెదవి విప్పలేదు. ఒక్కసారిగా దూది పీకేసి, చెంబు నిండా నీళ్లు తెచ్చి తాగించి, నా కాలి మీద చీర పైకి జరిపింది. పిక్క వాచి ఎర్రగా కాలిపోతోంది. నాన్నని కల్లం నుంచి పిలిపించి, కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లారు.

కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని డాక్టరమ్మ చెప్పింది. బాలింతలకు ఈ ప్రమాదం ఉండనే ఉంటుందట. కదలకుండా పడుకోబెట్టి నీళ్లు తగ్గిస్తే మరీ ఎక్కువట. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉంటే నా బిడ్డకు తల్లి ఉండేది కాదు.

ఇంటికి పంపేటప్పుడు, రెండో కాన్పుకు ఎడం ఉండాలనీ, గర్భం రాకుండా వాడే మాత్రల్లో కొన్ని నాకు పడవు కాబట్టి కాపర్-టి మంచిదనీ చెప్పింది. నాకన్నా ముందు అమ్మే తలూపింది.

తర్వాత మా చెల్లి కాన్పుకు మంచం పక్కన నీళ్ల బిందె పెట్టింది అమ్మే. పొద్దునా సాయంత్రం చెల్లిని వాకిట్లో నడిపించిందీ అమ్మే. దూది ఊసే ఎత్తలేదు. ఆ రోజు ఎవరి గొంతు విన్నావని అప్పుడడిగాను.

"నీ గొంతేనే. నా ఎదురుగా నోరు మూసుకుని కూచునే నీళ్లడుగుతున్నావు" అని కళ్లొత్తుకుంది. "నోరు తెరిచి అడిగినన్నాళ్లూ నాకు వినపడలా."

అది నా గొంతే అయితే నేనెందుకు గుర్తుపట్టలేకపోయానో నా సైన్సు చెప్పలేదు.