ముందు చక్రాల కోసం ఒక ప్రార్థన మనవి

చర్చి సంఘపెద్దకు రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఎందుకని నరసరావుపేటలో నన్ను అడగనివాళ్ళు తక్కువ. గురజాల, మాచర్ల గృహకూడికలకు తిరగడానికి అని చెప్పేవాణ్ణి. అది సగం నిజం. ఆ కారంటే నాకు ఇష్టం, అంతే. నేను కొన్నది పాత బండి. నాకు ముందు నడిపిన ఆయన దాని బాడీని నేలకు బాగా దగ్గరగా దించేశాడు. దాంతో ముందు చక్రాల పైభాగం లోపలికి వాలిపోయింది. మలుపుల్లో పట్టు బాగుంటుందని ఆయన అట్లాగే వదిలేశాడట. నాకు మిగిలినవి లోపలి అంచు నున్నగా అరిగిన టైర్లు.

ఆ వాలును క్యాంబర్ అంటారని నాకు చెప్పినవాడు మా ఊరి మెకానిక్. అందరూ భాయ్ అనే పిలుస్తారు. మా సంఘంలో సగం కార్లు ఆయన షెడ్డుకే వెళ్తాయి. అవి ఆగిపోతే ఆ షెడ్డులో పెద్దగా పని ఉండదు. కంపెనీ బిగింపులో ఈ వాలును సవరించే వీలు లేదనీ, బయట దొరికే క్యాంబర్ ప్లేట్లు వేసుకోవాలనీ ఆయనే చెప్పాడు. బానెట్ ఎత్తితే రెండు పక్కలా షాక్ అబ్జార్బరు పైకొస కనిపిస్తుంది. ఆ కొసను పట్టి ఉంచేదే ఈ ప్లేటు. బోల్టులు వదులు చేసి దాన్ని లోపలికో బయటికో జరిపితే చక్రం పైభాగం కూడా అటే జరుగుతుంది. ఎంత జరిగిందో చూసుకోవడానికి ప్లేటు మీద గీతలు చెక్కి ఉంటాయి. ప్లేట్లు నేనే తెప్పించి ఇచ్చాను.

పని జరిగిన రోజు షెడ్డు బయట స్టూలు మీద కూర్చున్నాను. నాలుగు దాటాక భాయ్ షట్టరు సగానికి దించాడు. నేను బయట ఉన్నానని తెలిసే దించాడు. దాచుకునేది ఏమీ లేని మనిషికి షట్టరుతో ఏం పని అని అప్పుడే నా మనసులో పడింది. పని అయ్యాక బానెట్ ఎత్తించి చూశాను. ఎడమ ప్లేటు మూడో గీత దగ్గర ఉంది, కుడిది నాలుగో గీత దగ్గర ఉంది.

"రెండూ ఒకే గీత మీద ఉండొద్దా భాయ్?"

"గీతలకేం తెలుసన్నా. పాత బండి, రెండు పక్కలా ఒకే తీరుగా ఉండదు. చక్రాన్ని చూడాల. రెండిటికీ మైనస్ ఒక డిగ్రీ, అంటే లోపలికి రవ్వంత వాలు, పెట్టా."

"ఎట్టా నమ్మేది?"

"నమ్మకం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు గందా," అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. చిన్నప్పటినుంచీ బైబిలు వాక్యంలో పెరిగినవాణ్ణి. దొంగ త్రాసుల మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో, నేనే ఎన్ని చేశానో చెప్పలేను. మోసగాడు నవ్వుతూనే తూస్తాడని వాటిలో ఎక్కడో నేనే కలిపి చెప్పినట్టు గుర్తు.

కారు తిన్నగానే పోతోంది. అయినా మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో, ఇంటి గోడ పొడవునా దాన్ని నిలిపి, మా నాన్న మట్టపుగుండు బయటికి తీశాను. ఆయన తాపీమేస్త్రి. గోడ అబద్ధం చెప్పినా గుండు చెప్పదనేవాడు. చక్రం పైనుంచి దారం వేలాడదీసి, దారానికీ రిమ్ముకీ మధ్య సందును పైనా కిందా స్కేలుతో కొలిచాను. ఇంటివైపున్న ఎడమ చక్రానికి ఆ రెండు సందుల మధ్య వేలి మందం తేడా వచ్చింది. కుడి చక్రానికి అగ్గిపుల్ల మందం కూడా లేదు. మూడు సార్లు కొలిచాను. ప్రతిసారీ అంతే వచ్చింది. నాకు కోపంతోపాటు కొంచెం సంతోషం కూడా కలిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

భాయ్‌ని పిలిచి అడగాలి. అడగలేదు. బుధవారం కూడికలో పాస్టరుగారు మనవులు ఉన్నవాళ్ళు చెప్పమన్నప్పుడు లేచాను. "నమ్మి అప్పగించిన పనిలో నాకు అన్యాయం జరిగింది. ఆ మనిషి కళ్ళు తెరవాలని ప్రార్థించండి" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. నా కారుకు చెయ్యి పెట్టేది ఊళ్ళో ఒక్కడే. ఆ వారం గేర్‌బాక్సు పని భాయ్‌కి ఇద్దామనుకున్న ఒక సహోదరుడు గుంటూరు తీసుకుపోతానన్నాడు. ఇంకో ఇద్దరు కూడా ఆ షెడ్డుకు పోకుండా ఆగారు.

శనివారం మధ్యాహ్నం భాయ్ మా గేటు ముందు బండి ఆపాడు.

"నా కోసం ప్రార్థన చేశారంట గదన్నా."

నేను గేటు గడియ తీశాను.

"మంచిదే. దువా ఎవరు చేసినా మంచిదే. దేనికి చేశారో చెబితే నేను కూడా ఆమీన్ అంటా."

గుండు తెచ్చి రెండు చక్రాల తేడా చూపించాను. ఆయన దారం వంక చూడలేదు, నేల వంక చూశాడు.

"ఈ నాపరాళ్ళు ఎవరు పరిపించారన్నా?"

"నేనే. మాచర్ల నుంచి తెప్పించా."

"వాలు పెట్టించావా?"

"పెట్టించకపోతే వాన నీళ్ళు గుమ్మంలోకి రావూ..." అంటూనే నా గొంతు నెమ్మదించింది.

"వదినా, ఒక చెంబు నీళ్ళు ఇయ్యవా," అని మా ఆవిడను అడిగాడు. తాగడానికేమో అనుకుంది ఆమె. ఆయన వాటిని ఎడమ టైరు పక్కన పోశాడు. నీళ్ళు కారు కిందుగా పాకి, కుడి టైరును తడిపి, కాలవలో పడ్డాయి. ఈ రాళ్ళు పరిచిన రోజు నేనే బిందెతో నీళ్ళు పోసి, వాలు చాల్లేదని మేస్త్రితో రెండు వరసలు ఊడదీయించాను.

"ఇప్పుడు కారు తిప్పి పెట్టు."

తిప్పి, ఈసారి కుడి చక్రం ఇంటివైపు వచ్చేట్టు పెట్టాను. మళ్ళీ దారం వేశాం. ఇప్పుడు ఆ వేలి మందం తేడా కుడి చక్రానికి వచ్చింది.

"మోసం ఇటుపక్కకి వచ్చిందే," అన్నాడు భాయ్. ఈసారి నవ్వలేదు.

నా నోరు అప్పటికీ ఊరుకోలేదు. "మరి ఆ రోజు షట్టరెందుకు దించావు?"

"పడమటెండ సూటిగా కొడతది. వాలు కొలిచే మీటరు మీద అంకెలు కనపడవు. నా కాళ్ళు కనపడతానే ఉన్నాయి గదన్నా నీకు."

తప్పైందన్నాను. ఆయన బండి ఎక్కుతూ, "నాకు చెప్పేదేముంది. నన్ను ఎక్కడ నిలబెట్టావో అక్కడే దించు," అన్నాడు.

సోమవారం నాలుగింటికి ఏదో పని ఉన్నట్టు షెడ్డు ముందునుంచి నడిచి వెళ్ళాను. షట్టరు సగానికి దించి ఉంది. ఎండ దాని మీద నేరుగా పడుతోంది. ఆయన మాటను ఆయన ఎదుటే నమ్మి ఉంటే ఆ నడక తప్పేది.

బుధవారం దాకా మాటలు కూర్చుకున్నాను. దేవుడు నా వాకిటి ద్వారా నాకు ఒక పాఠం నేర్పాడని సాక్ష్యంలా చెబుదామనుకున్నాను. అట్లా చెబితే అందరూ స్తోత్రం అంటారు, నేను ఇంకాస్త మంచివాణ్ణవుతాను. ఆ ఎత్తు నాకే అనుమానంగా తోచింది. అందుకే కూడికలో లేచి, మొదటిసారి పేరు పెట్టి చెప్పాను. "భాయ్ పని సరిగ్గానే చేశాడు. వంకర నా వాకిట్లో ఉంది. ఆ వాలు నేనే పెట్టించుకున్నాను. కొలిచింది తప్పు, ఆయన్ని అడక్కుండా మీకు చెప్పింది ఇంకా తప్పు."

ముందు వరసలో కూర్చునే ముసలమ్మ నా వైపు తిరిగింది. "వారమంతా ఆయన కళ్ళు తెరవమని మోకాళ్ళేశాం గదయ్యా. ఇప్పుడేం చెయ్యాల?"

"అదే ప్రార్థన చెయ్యమ్మా. పేరు మార్చు, చాలు."

వెనక ఎవరో నవ్వారు. గేర్‌బాక్సు సహోదరుడు మాత్రం నవ్వలేదు. మర్నాడు నాలుగింటికి ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. భాయ్ ఇద్దరికీ టీ చెప్పి, కారు లోపలికి తోయించి, షట్టరు తాడు అందుకున్నాడు.

సహోదరుడు నా చెవి దగ్గరికి వంగాడు. "ఏంది, షట్టరు దించుతున్నాడు?"

"ఎండ," అన్నాను.