తేటపడని జాడీ

మా తాతే లేకపోతే మా ఊరి ఏరు ఎప్పుడో ముక్కు మూసుకుని, వచ్చిన దారినే కొండెక్కి పారిపోయేది. ఆయన పేరు చెబితే సముద్రం కూడా లేచి నిలబడుతుంది. ఇలా రాశానని తెలిస్తే తంతాడు కాబట్టి, మిగతాది కాస్త తగ్గించి రాస్తాను.

ఊరి చివర మురుగునీళ్లు శుద్ధి చేసే చోట ఆయన ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ఊళ్లో ఆయన్ని బురద డాక్టరు అనేవాళ్లు. రోగి మాత్రం ఒక్కటే, అడుగు నుంచి గాలి ఊదే పెద్ద తొట్టి. మరుగుదొడ్లలోంచి, వంటిళ్లలోంచి వచ్చిందంతా అందులో చేరుతుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు, తాత మాటలో పురుగులు, ఆ మురికిని తిని బతుకుతాయి. అవి తినకపోతే మురికి ఏట్లోకి పోయి, చేపలకు ఊపిరాడకుండా చేస్తుంది. అందుకే తాత పొద్దున్నే గాజు జాడీతో తొట్టి నీళ్లు ముంచి కిటికీలో పెట్టేవాడు. అరగంటలో బురద అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడితే పురుగులు క్షేమం. అప్పటిదాకా టీ ముట్టేవాడు కాదు.

"కట్టుకున్నదానికి జ్వరమొస్తే నుదురైనా ముట్టుకోడు గానీ, బురదకి రోజూ పరీక్షలు" అని అమ్మమ్మ సణిగేది.

మా అమ్మ ఆరో తరగతిలో ఉన్నప్పుడు, టీచరు క్లాసు మొత్తాన్ని ఆ తొట్టి చూపించడానికి తీసుకొస్తానంది. ముందురోజు సాయంత్రం అమ్మ చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, రేపొక్కరోజు వాసన రాకుండా చూడవూ? ఇప్పటికే నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు."

తెల్లారగానే తాత రెండు బస్తాల బ్లీచింగ్ పొడి మోసుకొచ్చి ఆ తొట్టిలో కుమ్మరించాడు. శుద్ధి అయిపోయిన నీళ్లలో, చివర్లో, కొలిచి కలపాల్సిన పొడి అది. దానికి పురుగులు చస్తాయని ఆయనకి తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. కొన్నే పోతాయిలే అనుకున్నాడు.

పిల్లలొచ్చారు. "మీ నాన్న ఆఫీసు ఆస్పత్రిలా ఉందే!" అంది ఒక పిల్ల. అమ్మ ఇంటిదాకా గెంతుతూ వచ్చింది.

మర్నాడు జాడీ తేటపడలేదు. ఆ మర్నాడూ లేదు. స్నానాలు మానమని ఊరికి చెప్పలేడు కదా, వచ్చిన మురుగు వచ్చినట్టే ఏట్లో కలిసింది.

ఏటి మలుపులో చేపలు పట్టే ఆయన వారానికోసారి రెండు చేపలు తెచ్చి మా వాళ్ల గుమ్మానికి తగిలించి పోయేవాడు. అయిదో రోజున బుట్టెడు తెచ్చి మెట్ల మీద దించాడు. అన్నీ చచ్చినవే.

"ఏమైంది బావా? వల కూడా వెయ్యలేదు. వాటంతటవే తేలాయి."

తాత బుట్టలోకి చూశాడు. లోపల అమ్మ పాఠం బిగ్గరగా చదువుకుంటోంది.

"ఎండలు, బావా. నీళ్లు కాగిపోయుంటాయి."

"నువ్వన్నావంటే అంతేలే. ఆ నీళ్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

పక్క ఊరి నుంచి ట్యాంకరుతో మంచి బురద తెప్పించి, తాత పురుగుల్ని మళ్లీ పెంచాడు. నెలకి జాడీ తేటపడింది. రెండేళ్లకి చేపలూ తిరిగొచ్చాయి. చేపలాయన మాత్రం రాలేదు. ఎండలు ఏటా వచ్చేవే కదా అనుకుని, చేపలు చచ్చిన నెలలోనే పడవ అమ్మేసి, పెళ్లాం పిల్లలతో వేరే ఏటికి వెళ్లిపోయాడు. నిజం చెప్పి ఉంటే ఉండిపోయేవాడేమో. సామాను బండికెత్తుతుంటే తాత వెళ్లి తాడు పట్టుకున్నాడట, ముడులు వేశాడట.

ఇప్పటికీ సాయంత్రాలు ఆ మలుపు దగ్గర కూర్చుంటాడు. మోకాళ్ల నొప్పులకి నడక మంచిదంటాడు. నడిచేది తక్కువ, కూర్చునేది ఎక్కువ.

మొన్న నా మొదటి రెండు వాక్యాలు చదివి వినిపిస్తే, తిట్టకుండా ఇదంతా చెప్పాడు.

"తాతా, ఇది వదిలేద్దాం. అమ్మకి తెలిస్తే ఏడుస్తుంది. ఎండలకే పోయాయని రాసేస్తా."

"మీ అమ్మకి నేను చెప్పుకుంటా. ఏటిని కాపాడింది పురుగులు, వాటిని చంపింది నేను. అది రాసి, ఆ సముద్రం ముక్క కొట్టెయ్."